నేను తర్జుమా చేసిన పేషీ

ఫౌజుల ఇరవై నాలుగేండ్లు చేసిన అంటె మా సిరిసిల్లల ఎవలైనా ముందుగాల అడిగేది బార్డర్ గురించే. గోలి ఎన్నిసార్లు కాల్చినవ్, మంచుల ఎట్ల నిలబడ్డవ్ అని. నాకు నవ్వొస్తది. నేను క్లర్కును. నా తుపాకి ఏడాదిల ఎక్కువ దినాలు తాళం కిందనే ఉంటుండె, నేను ఆఫీసుల కంప్యూటర్ ముందల ఉంటుంటి. జవాన్ల సెలవు చిట్టీలు, బదిలీ కాయితాలు, పెండ్లాం పిల్లల పేర్లు రికార్డుల ఎక్కించుడు, గివ్వన్ని నా పని. అన్నిట్ల నాకు ఇష్టమైనవి మాత్రం పేషీ కాయితాలు.

తప్పు చేసిన జవాన్‌ను సీవో సాబ్ ముందల నిలబెట్టుడును పేషీ అంటరు. సీవో అంటె మా పల్టన్‌కు, అదే బెటాలియన్‌కు, పెద్ద అఫ్సర్. జవాన్ టోపీ, బెల్టు తీపిచ్చి, సుబేదార్ మేజర్ సాబ్ "తేజ్ చల్!" అని గద్దిస్తె వాడు చేతులు ఊపుకుంట గదిలకు వస్తడు. నేరం చదువుతరు. సీవో సాబ్ అడుగుతడు, వింటడు, శిక్ష చెప్తడు. మొత్తం పది నిమిషాలు. ఆ గదిల ఒక మూలకు ఫైలు పట్టుకోని నిలబడెటోన్ని నేను.

నాకు సమజ్ కానిది ఒకటుండె. తప్పు ఒక్కటే అయినప్పుడు శిక్ష ఎందుకు ఒక్కతీరుగ ఉండది? సెలవు మీద పోయి ఐదు దినాలు ఆలస్యంగ వచ్చిన ఒకనికి పద్నాలుగు దినాలు క్వార్టర్ గార్డుల జైలు పడ్డది. గంతే ఆలస్యంగ వచ్చిన ఇంకొకనికి తిట్లు పడ్డయి, ఆరు నెలల దాక ప్రతి ఆదివారం సుబేదార్ ముందల కూసోని ఇంటికి ఫోన్ చెయ్యాలె అన్న హుకుం పడ్డది. నేను పేషీకి ముందు ఫైలు చదివి చిన్న కాయితం మీద పెన్సిల్‌తోటి అందాజ రాసుకుంటుంటి. వీనికి ఏడు దినాలు, వానికి మందలింపు, గిట్ల. సగం సార్లు తప్పుతుండె. తప్పిన కొద్దీ ఎందుకు తప్పిందో తెలుసుకోవాలని ఇంక ఆరాటం.

ఒకసారి సుబేదార్ మేజర్ సాబ్‌నే అడిగిన. ఆయనది రాజస్థాన్. మీసాలు పెద్దయి, మాటలు తక్కువ.

"నువ్వు తప్పును చదువుతున్నవ్. సాబ్ ఆ మనిషిని చదువుతడు," అన్నడు హిందీల. "శిక్ష మిగిలినోళ్లకు కనవడాలె. దిద్దుబాటు వానికొక్కనికి తగులాలె. రెండూ ఒక్కదాంట్ల కుదిరితె మంచిదే. కుదరకపోతె సాబ్‌కే పరేషాన్."

ఆ జవాబు నాకు సగమే ఎక్కింది. మిగిలిన సగం ఎక్కాలంటె నేనే ఆ గది నడుమ నిలబడాల్సి వచ్చింది.

గప్పుడు మేము పంజాబ్‌ల ఒక ఛావనీల, అంటె కంటోన్మెంట్‌ల ఉన్నం. పల్టన్‌ల కొత్తగ చేరిన జవాన్ ఒకడు, నిర్మల్ అవుతల ఒక ఊరోడు. ఇరవై ఒక్కేండ్లు ఉంటయేమో. పల్టన్ల తెలుగోళ్లం నలుగురైదుగురం ఉంటుంటిమి, మా దిక్కు మాట మాట్లాడేది మాత్రం మేమిద్దరమే. పదిమందిల నన్ను హవల్దార్ సాబ్ అంటుండె, పక్కకు దొరికితె అన్నా అంటుండె. పరుగుల ముందు, గురి కొట్టుట్ల ముందు, హిందీల మాత్రం అందరి కన్న ఎనుక. ట్రైనింగ్‌ల హుకుంలయితె నేర్చుకున్నడు గని, మనసుల మాట చెప్పుమంటె నాలుక తిరగది. నెల సెలవు మీద ఇంటికి పోయి పదకొండు దినాలు ఆలస్యంగ వచ్చిండు. ఫోన్ లేదు, ఖబర్ లేదు. ఒకనాడు గేటు తాన ఆటో దిగి, "వచ్చిన" అని నిలబడ్డడు.

పేషీ ముందటి దినం వాన్ని క్యాంటీన్ ఎనుక కూసోవెట్టి అడిగిన.

"ఎందుకున్నవ్‌రా గన్ని దినాలు?"

"ఊకెనే అన్నా."

"ఊకెనే అంటె జైలే. అవ్వకు పానం బాగలేదని డాక్టర్ చిట్టీ ఏమన్న తెచ్చినవా?"

"అవ్వ మంచిగనే ఉన్నది గదా," అన్నడు. నేను వాళ్ల అవ్వకు ఏదో శాపం పెట్టినట్టు చూసిండు.

నా కాయితం మీద 'ఇరవై ఒక్క దినాలు, జైలు' అని రాసుకున్న.

తెల్లారి పేషీల సీవో సాబ్ అడిగిండు, ఆలస్యం ఎందుకైందని. జవాన్ నోరు తెరిచిండు. మాట రాలే. చెంపల మీదికెల్లి చెమట కారుతుంది. సీవో సాబ్ జరసేపు చూసి, "నీ భాషల చెప్పు," అన్నడు. నా దిక్కు తిరిగి, "హవల్దార్, నువ్వు తర్జుమా చెయ్," అన్నడు.

జవాన్ ఎదురుంగ గోడను చూసుకుంట తెలుగుల అన్నడు: "బాపు మాట్లాడుతలేడు సార్. మాట్లాడెదాక ఉన్న."

గంతే.

నాకు దిమ్మతిరిగింది. తండ్రి అలిగి మాట్లాడుతలేడని ఫౌజు జవాన్ పదకొండు దినాలు ఇంట్ల కూసున్నడా? గిది ఉన్నదున్నట్టు చెప్తె గదిలున్నోళ్లు నవ్వుతరు, సీవో సాబ్‌కు కోపమొచ్చి ఇంక నాలుగు దినాలు ఎక్కువేస్తడు అనుకున్న. హిందీల 'బోల్ నహీ రహే' అంటె సరిపోతుండె. మాట్లాడుతలేడని అర్థం. నేను 'బోల్ నహీ పా రహే' అన్న. నడుమ ఒక్క 'పా' పెట్టిన. అంటె మాట్లాడలేకపోతున్నడని.

సీవో సాబ్ ముందటికి వంగిండు. "లక్వానా?" అన్నడు. లక్వా అంటె పక్షవాతం.

"జీ సాబ్," అన్న నేను.

'పా' అనేది నోరు జారింది అనుకోవచ్చు. 'జీ' అనేది జారలే. తెలిసి తెలిసే అన్న.

సీవో సాబ్ కుర్చీల ఎనుకకు ఒరిగిండు. "ఏడు దినాలు బ్యారకుల లైన్లు దాటి బయటికి పోవద్దు, రోజూ ఒక డ్యూటీ ఎక్కువ," అన్నడు. "గిది నువ్వు తండ్రి తాన ఉన్నందుకు గాదు. ఫోన్ చెయ్యనందుకు. పదకొండు దినాలు నా జవాన్ బతికున్నడో సచ్చిండో నాకు తెల్వదు. రోజూ హాజరు గిన్తీల నీ పేరు కాడికి రాంగనె మీ సుబేదార్ ఆగుతుండె."

బయటికొచ్చినంక నాకు గాలిల తేలినట్టుంది. నా అందాజ తప్పినందుకు మొదటిసారి ఖుషీ అయ్యింది. జవాన్ మాత్రం బెల్టు పెట్టుకుంట నా దిక్కే చూస్తుండు.

"అన్నా, సాబ్ లక్వా అన్నడేంది? మా బాపు మంచిగనే ఉన్నడు."

"నీకు జైలు తప్పిచ్చిన, చాలదా?"

"నేను గట్ల చెప్పలే గదన్నా."

"నీకు చెప్పరాదు గనుకనే నేను చెప్పిన. పో, డ్యూటీ చూస్కో."

వాడు పోయిండు. ఆ దినం నుంచి నేను వానికి హవల్దార్ సాబ్‌నే. ఎవలు లేని కాడ గూడ అన్నా అనలే. నాకు చిత్రమనిపించింది. తక్కువ శిక్ష వడ్డోడు సంబురపడాలె గదా? వాడు డ్యూటీ మీద డ్యూటీ అడిగి మరీ చేస్తుండె, బాకీ తీరుస్తున్నట్టు.

మూడు వారాలకు సీవో సాబ్ నన్ను పిలిచిండు. నా సెలవు చిట్టీ ఆయన టేబుల్ మీదనే ఉన్నది.

"నీది కరీంనగర్ దిక్కు గదా. ఆ జవాన్ ఊరు ఎంత దూరం?"

"బస్సుల అయిదారు గంటలు సాబ్."

"పోయి వాని తండ్రిని చూడు. డాక్టర్ చిట్టీలు, ఆధార్ కార్డు తీస్కరా. మిలిటరీ ఆస్పత్రిల చూపిద్దాం. జవాన్ తండ్రికి ఆ హక్కు ఉన్నది, వానికి తెల్వనట్టుంది." అని ఆస్పత్రికి రాసిన చిట్టీ ఒకటి కవర్ల పెట్టి ఇచ్చిండు.

ఆ కవర్ సంచిల పెట్టుకోని సిరిసిల్లకు వచ్చిన. మా వాడల సాంచాలు, అదే మరమగ్గాలు, ఎప్పటి లెక్కనే దడదడ కొట్టుకుంటున్నయి. మా బాపు నలభై ఏండ్లు ఆ సాంచాల నడుమ ఉండి చెవులు పోగొట్టుకున్నడు, ఆయనతోటి ఏదన్న మాట్లాడాలంటె అరవాలె. గిసొంటి ముచ్చట అరిచి చెప్పేది గాదు. మూడు దినాలు ఎవలికీ చెప్పకుండ ఉన్న. పోకపోయినా నడుస్తుండె. తండ్రి కోలుకున్నడట అని ఒక ముక్క చెప్తె అయిపోతది. గని నాకు తెలుసుకోవాలని ఉండె. ఎసొంటి తండ్రి నలభై దినాలు కొడుకుతోటి మాట్లాడకుండ ఉంటడు? ఎసొంటి కొడుకు ఒక్క మాట కోసం కొలువును పణంగ పెడుతడు? నాలుగో దినం పొద్దుగాల కరీంనగర్ వచ్చి, జగిత్యాల మీదికెల్లి నిర్మల్ బస్సెక్కిన.

నిర్మల్‌ల దిగి ఆటో పట్టుకోని ఆ ఊరు చేరెవరకు మధ్యాహ్నమయింది. పత్తి ఏరుడు నడుస్తుంది. ఇంటి ముందల జవాన్ వాళ్ల అవ్వ పత్తిల నుంచి ఆకులు తీసుకుంట కూసున్నది. కొడుకు పల్టన్ నుంచి వచ్చిన అంటె గాబరాగ లేచింది. ఏం కాలేదమ్మా, మంచిగున్నడు అని చెప్పి, "కాక యాడున్నడు?" అని అడిగిన.

"గదో వస్తుండు," అని చెయ్యి చూపిచ్చింది.

బాట మీద ఒక ముసలాయన వస్తుండు. నెత్తి మీద పత్తి మూట, మనిషి కంటె పెద్దగున్నది. పంచె పైకి కట్టి, మట్టి గడ్డల మీద టకటక నడుస్తుండు. నన్ను చూసి ఆగకుండనే, "ఎవలు?" అని ఇంటెనుకకు పోయిండు. నేను ఆయన ఎంబడి దాదాపు ఉరికిన. నా సంచిల ఆయన లక్వాకు చిట్టీ ఉన్నది.

మూట దించి, కాళ్లు కడుక్కోని, నన్ను పక్కన కూసోవెట్టుకున్నడు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టిండ్రు. మెల్లగ అడిగిన, కొడుకుతోటి ఎందుకు మాట్లాడలేదని.

"ఫౌజు భర్తీకి పోయినట్టు నాకు చెప్పలే," అన్నడు. "పొద్దుగాల లేసి ఉరుకుతుంటె కబడ్డీకి అనుకున్న. ఒకనాడు సంచి భుజానికేసుకోని పోతున్న అన్నడు. మా పెద్దోడు మస్కట్ పోయిండు. వాడు నాతోటి ఆరు నెలలు కొట్లాడి పోయిండు. కొట్లాడినా మంచిదే, నన్ను మనిషి లెక్క చూసిండు. గీడు కొట్లాడలే గూడ. మరి నేనెందుకు మాట్లాడాలె?"

"నలభై దినాలు ఒక్క మాట గూడ అనలేదా కాకా?"

"పత్తి ఏర వస్తె అద్దనలే. బువ్వకు పక్కన కూసుంటె లేవలే. మాట మాత్రం ఇయ్యలే."

"మరి మాట్లాడిండ్రట గదా, చివరికి?"

ఆయన భార్య దిక్కు చూసిండు. "గామె చెప్పింది, వాని సెలవు ఎప్పుడో ఒడిసిందని. నాకు మస్తు కోపమొచ్చింది. 'నీ కొలువు కాడ నీ కోసం ఎవలన్న చూస్తుండ్రా లేదా' అన్న. 'చూస్తుండ్రు బాపు' అన్నడు. 'మరి ఈడేంజేస్తున్నవ్, పో' అన్న. గదే మాట్లాడింది. అదే దినం బస్సెక్కిండు."

నాకు నవ్వాగలే. వాడు పదకొండు దినాలు ఎదురుచూసి సంపాదించుకున్న మాట 'పో' అన్న మాట. ఆయన మాత్రం నవ్వలే.

"వానికేం శిక్ష పడ్డది?"

ఏదో ఒకటి చెప్పి తప్పిచ్చుకోవచ్చు. గని ఆ మనిషి నా పళ్లెంల ఇంకో రొట్టె ఏసి, జవాబు కోసం నా మొఖమే చూస్తుండు. మొత్తం చెప్పిన. పేషీ, 'పా' అన్న అక్షరం, లక్వా, కవర్ల చిట్టీ, అన్ని.

ఆయన తన రెండు చేతులు ముందటికి చాపి చూసుకున్నడు.

"నన్ను మంచంల పడేసినవా బిడ్డా," అన్నడు.

"తప్పయింది కాకా."

"వాడు తప్పు చేసిండు. దానికి ఎంత పడాల్నో గంత పడితె వాడు మోసి దించుకుంటుండె. నువ్వు వాని తప్పు తీసేసి నా రోగం వాని నెత్తిన పెట్టినవ్. అది ఎట్ల దించుకోవాల్నో వానికి ఎర్క లే. గందుకే ఫోన్ల నీళ్లు నములుతుండు. మొన్న 'బాపు, నీ కాళ్లు చేతులు మంచిగున్నయా' అని అడిగిండు. వీనికి ఏమయిందని మేమే ఫికర్ వడ్డం."

ఆ కవర్ ఆయనకు ఇయ్యలే. ఆయన అడుగలే.

సెలవు ఇంకా పది దినాలుంది. ఆ పది దినాలు ఎట్ల గడిచినయో నాకే తెల్వది. పల్టన్‌కు పోయిన దినమే సుబేదార్ మేజర్ సాబ్ తానకు పోయి చెప్పిన.

"నిన్ను ఎవలన్న అడిగిండ్రా?" అన్నడు.

"లేదు సాబ్."

"మరి ఎందుకు చెప్తున్నవ్?"

"ఆ జవాన్ తండ్రిని చూసొచ్చిన సాబ్. నా కంటె జోరుగ నడుస్తుండు."

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వో కోపమో పోల్చుకోరాలే. "ఎల్లుండి పేషీ," అన్నడు.

నా నేరం కాయితం నా చేతి కిందోడే టైపు చేసిండు. రెండో లైన్ల ఒక అక్షరం తప్పు పోయింది. ఎన్నేండ్ల అలవాటో, నా చెయ్యి దాని మీదికే గుంజింది. దిద్దకుండ దస్తకత్ పెట్టిన.

టోపీ తీసినంక తల ఎంత తేలికగ, ఎంత సిగ్గుగ అనిపిస్తదో గప్పుడు తెలిసింది. నేను వందసార్లు నిలబడ్డ గదే అది. మూల నుంచి చూస్తె సీవో సాబ్ చెంప ఒక్కటి కనవడుతుండె. నడుమ నిలబడితె ఆయన కండ్లు కనవడ్డయి. కోపం కోసం ఎతికిన. లేదు. ఆయన కూడ ఏదో తెలుసుకోవాలని చూస్తున్నట్టే ఉన్నడు.

"ఎందుకు చేసినవ్?"

"వాని మాట మీకు నవ్వులాటగ అనిపిస్తదనుకున్న సాబ్."

"నేను నవ్వుతనో నవ్వనో నువ్వెట్ల తేలుస్తవ్? వాడు నాతోటి మాట్లాడిండు. నువ్వు అడ్డమొచ్చినవ్."

గట్టి మందలింపు రాసిండ్రు, రికార్డుల ఎర్ర సిరాతోటి. దాంతోటి నా ప్రమోషన్ రెండేండ్లు ఎనుకకు పోయింది. అది శిక్ష. తర్వాత ఫైలు మూసి ఇంకో మాట చెప్పిండు. "రేపటి నుంచి రోజూ సాయంత్రం గంట సేపు హిందీ రానోళ్లకు నువ్వు చదువు చెప్పాలె. నా ముందల ఎవని మాట వాడే చెప్పుకునేదాక. పరీక్ష నేను పెడుత."

గప్పుడు ఆ జవాన్‌ను గూడ లోపలికి పిలిచిండు. వాడు వచ్చి, వచ్చీరాని హిందీల, ముక్కలు ముక్కలుగ అన్నడు: "సాబ్, నా మిగిలిన శిక్ష గూడ ఇయ్యుండ్రి. మా బాపు చెప్పిండు."

సీవో సాబ్ చట్టం పుస్తకం తీసి, ఒక పేజీ ఎతికి, మళ్ల మూసిండు. "ఒక్క తప్పుకు రెండుసార్లు శిక్ష ఇచ్చే అధికారం నాకు లేదు. నన్ను కట్టేసే నియమం గూడ ఒకటున్నది," అన్నడు. "నువ్వు ఆ దినం ఏమన్నవో అది చెప్పు చాలు."

"బాపు బోల్ నహీ రహే థే," అన్నడు వాడు. 'పా' లేకుండ.

ఎవలూ నవ్వలే. సీవో సాబ్ తల ఊపి, "ఈసారి ఫోన్ చెయ్," అన్నడు. నేను గన్నేండ్ల నుంచి పెన్సిల్‌తోటి అందాజ వేసుకున్నదాంట్ల ఈ సంగతి ఎన్నడూ లెక్కకు రాలే. శిక్ష వడ్డోడు దాన్ని తనదే అనుకోవాలంటె, ముందుగాల తప్పు తనదే అయి ఉండాలె.

ఎనిమిది మందితోటి చదువు మొదలయింది. తమిళోళ్లు ఇద్దరు, మణిపూరోడు ఒకడు, మిగిలినోళ్లు అటిటు దిక్కులోళ్లు. నాకు పాఠం చెప్పుడు రాదు. మొదటి వారం నేను చెప్పుడే చెప్పుడు, వాళ్లు ఉలుకు పలుకు లేకుండ వినుడు. తర్వాత నేను ఊకుండుడు నేర్చుకున్న. ఒకడు మాట కోసం తడుముకుంటుంటె ఆ మాట నేను అందియ్యకుండ ఉండుడు ఎంత కష్టమో! నాలుక చివరికొచ్చేది, పళ్ల కింద పట్టుకునేటోన్ని. ఆ నిర్మల్ జవాన్ అందరి కంటె ముందు నేర్చుకున్నడు. మరుసటేడు సెలవు నుంచి ఒక దినం ముందుగాలనే వచ్చిండు. ఏమైందిరా అంటె, "బాపు మాట్లాడుడు బంద్ చేస్తలేడన్నా, తట్టుకోలేక వచ్చిన," అన్నడు.

ఆ ఏడాది చివర్ల సీవో సాబ్‌కు బదిలీ అయ్యింది. పోయే ముందు అందరికి బడాఖానా ఇచ్చిండు. జవాన్లు, అఫ్సర్లు అందరు కలిసి తినె దావత్ అది. ఆయన చాయ్ గ్లాసు పట్టుకోని ఒక్కొక్కలతోటి మాట్లాడుకుంట నా తానకు వచ్చిండు. ఏడాది నుంచి నా కడుపుల ఉన్న ప్రశ్న బయటికొచ్చింది.

"సాబ్, ఆ మొదటి పేషీ దినం నా తర్జుమా మీద మీకు అనుమానం వచ్చింది గదా? గందుకే నన్ను ఆ ఊరికి పంపిండ్రు గదా?"

నేను ఏడాది పొడుగుత గట్లనే అనుకున్న. ఆయనకు అంత తెలుసని, నన్ను నాతోటే పట్టిచ్చిండని. గట్ల అనుకుంటె నాకు జర హాయిగ గూడ ఉంటుండె. దొరికిపోయినోన్ని అనుకుంటె మోసం చేసిన బరువు సగం తగ్గుతది.

ఆయన నన్ను వింతగ చూసిండు.

"అనుమానమా? లేదు. నమ్మిన. నమ్మకపోతె నిన్నెందుకు పంపుత? ఆయనను ఆస్పత్రిల చేర్పియ్యాలని పంపిన."

గట్లని నా భుజం తట్టి, పక్కన నిలబడ్డ డ్రైవర్‌తోటి మాట్లాడనీకి పోయిండు. నేను సలాం కొట్టుడు గూడ మర్చిపోయి అక్కడనే నిలబడ్డ.